బరువు తగ్గే ఆపరేషన్ – హిజ్కియా అడిగిన గుర్తు

ధ్యాన భాగము: 2 రాజులు 20వ అధ్యాయము



హిజ్కియా రాజు సంగతి మీకు తెలిసిందే. మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. ఇల్లు చక్కబెట్టుకో, ఇక బ్రతకవు అని యెషయా ప్రవక్త వచ్చి చెప్పి వెళ్ళాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రవక్త ఇంకా రాజు నగరు దాటనేలేదు, దేవుడు అతన్ని వెనక్కి పంపించాడు, ఆయుష్షులో మరో 15 సంవత్సరాలు కలుపుతున్నానని చెప్పడానికి. ఈ భాగం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం, మేమూ చెప్పాం. కన్నీటి ప్రార్థన గురించి చెబుతాం. నీడ పది మెట్లు వెనక్కి నడిచిన సంగతి చెబుతాం. మధ్యలో 7వ వచనం ఒకటుంది, దాని దగ్గర ఎక్కువసేపు ఆగం. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయమన్నాడు యెషయా. వాగ్దానం అప్పటికే వచ్చేసింది. అయినా మందు వేశారు. ఇక 8వ వచనంలో రాజు ఇంకా అడుగుతూనే ఉన్నాడు, నేను బాగవుతాననడానికి ఏమిటి గుర్తు అని. వాగ్దానం విన్నాడు, మందు వేయించుకున్నాడు, అయినా అనుమానం తీరలేదు. దేవుడు అతని మీద కోపగించుకోలేదు. గుర్తు ఇచ్చాడు.

ఈ 8వ వచనం కోసమే ఈ వారం ఇది రాస్తున్నాము.

రేపల్లె వైపున్న మా సంఘపు సహోదరి ఒకామెకు డాక్టరు గారు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. ఆమె అనుమతితోనే రాస్తున్నాము, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాము. వయస్సు 43. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. బరువు 112 కిలోలు. తొమ్మిదేళ్ళుగా సుగరు, ఇప్పుడు ఇన్సులిన్. మోకాళ్ళు పట్టేసి మందిరంలో చాప మీద కూర్చోవడం మానేసి రెండేళ్ళయింది. రాత్రుళ్ళు పడుకుంటే ఊపిరి ఆగినట్టయి లేచి కూర్చుంటుందని వాళ్ళ అమ్మాయి చెప్పింది. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బి.ఎం.ఐ. అనే కొలత ఉంది కదా, అది ఆమెకు 46 దాటింది. మన ఆసియా వారికి సుగరు, కొవ్వు తొందరగా వస్తాయి గనుక 27.5 నుండే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో ఈ వైద్యుల అంతర్జాతీయ సంఘాలు చెప్పాయి. అంటే ఆమె విషయంలో డాక్టరు గారు తొందరపడలేదు.

ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, అందరికీ పనిచేస్తుందంట. నాకు పనిచేస్తుందా?"

ఈ ప్రశ్నలో మొదటి సగం కంటే రెండో సగమే ఎక్కువ బరువు మోస్తోంది. అందరికీ పనిచేసేది నాకు పనిచెయ్యదేమో అన్న భయం ఊరికే రాలేదు. కొన్నేళ్ళ క్రితం మన ఊళ్ళలో ప్రతి వీధిలో కొబ్బరినూనె, సూపులు, నిమ్మకాయల డైటు నడిచింది గుర్తుందా? ఆమె కూడా మూడు నెలలు గట్టిగా చేసింది. 16 కిలోలు తగ్గింది. వాళ్ళ ఆడబిడ్డ పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నరకు 19 కిలోలు పెరిగింది. అంతకుముందు తెల్లవారుజామున కాలవ కట్ట మీద నడక, అంతకుముందు రాత్రిపూట పుల్కాలు, అంతకుముందు ఎవరో తెచ్చిచ్చిన పొడి. ప్రతిసారీ కొంత తగ్గడం, ప్రతిసారీ అంతకన్నా ఎక్కువ పెరగడం. "నా ఒంటికి ఏదీ పట్టదు అయ్యగారూ. ఇంత డబ్బు పోసి, కోయించుకుని, ఇది కూడా తప్పితే ఇక నా మొహం ఎవరికీ చూపించలేను" అంది. పొలం మీద అప్పు తేవాలి. మాట కాదు గదా.

సంఘంలో కొందరు అన్న మాటలు కూడా ఆమె చెవిన పడ్డాయి. "నోరు కట్టుకుంటే చాలదా, దీనికి కత్తి ఎందుకు?" అన్నారట. ఈ మాట అన్నవారిలో ఏడాదిపాటు నోరు కట్టుకుని చూసినవారు ఎవరున్నారో మాకు తెలియదు గానీ, దీనికి జవాబు చెప్పాలి.

బరువు తగ్గినప్పుడు ఒళ్ళు దాన్ని కరువుగా అనుకుంటుంది. ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. జీర్ణాశయం పైభాగంలో ఎక్కువగా పుట్టే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆకలి వేస్తోందని మెదడుకు కబురు చేరవేసేది అదే. డైటు చేసి తగ్గినవారిలో అది పెరుగుతుంది. అంటే మన సహోదరి 16 కిలోలు తగ్గిన తరువాత ఆమెకు వేసిన ఆకలి, పక్కింటామెకు వేసే ఆకలి ఒకటి కాదు. స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో నూటికి 75–80 వంతులు, ఆ పైభాగంతో సహా తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. ఆ తరువాత గ్రెలిన్ బాగా తగ్గుతుంది. బైపాస్ అనే రెండో రకంలో జీర్ణాశయం పైన నిమ్మకాయంత సంచి మాత్రం ఉంచి, దాన్ని చిన్నప్రేగు కింది భాగానికి కలుపుతారు. కొద్దిగా తిన్నా చాలనిపించే కబుర్లు మెదడుకు త్వరగా వెళతాయి, సుగరు కూడా త్వరగా దిగుతుంది. కాబట్టి డైటు తప్పింది గనుక ఆపరేషన్ కూడా తప్పుతుందని లెక్క వేయడం సరికాదు. డైటులో ఆమె తన ఆకలితో ఒంటరిగా పోరాడింది. ఆపరేషన్ ఆ ఆకలినే కొంత తగ్గిస్తుంది.

తిండిబోతుతనం పాపం కాదా అని అడగవచ్చు. పాపమే. లేఖనం దాన్ని గద్దించింది. కానీ లావుగా ఉన్న ప్రతివారూ తిండిబోతులు కారు, సన్నగా ఉన్నవారిలో తిండిబోతులు లేకపోలేదు. ఏలీ యాజకుడు బరువైనవాడని 1 సమూయేలు 4లో ఉంది. దేవుడు ఆ ఇంటిని గద్దించింది ప్రజల అర్పణలలో మంచి భాగాలు లాక్కుని తిన్నందుకు, త్రాసు మీద ముల్లు ఎక్కడ ఆగిందనే దానికి కాదు. మన ఇళ్ళలో ఆడవారు ఏం తింటారో చూడండి. అందరికీ పెట్టి, చివర కూర్చుని, గిన్నె అడుగున మిగిలిన అన్నం పారెయ్యలేక తినేస్తారు. అదీ మన డెల్టా తెల్లన్నం. ఇక్కడో మాట. దేశమంతా ఇష్టంగా తినే సాంబ మసూరి అసలు పేరు బి.పి.టి. 5204, ఆ మొదటి అక్షరం మన బాపట్లదే. 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుండి వచ్చిన వంగడం అది. దేవుడిచ్చిన మంచి అన్నమే. కాకపోతే కోతలు మిషన్లకు, ఊడ్పులు కూలీలకు, నడక బండ్లకు ఇచ్చేశాక కంచంలో అన్నం మాత్రం తాతల కొలతలోనే ఉండిపోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 36 మంది స్త్రీలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. మూడింట ఒకరికి పైగా. ఆదివారం మందిరంలో ఎడమవైపు కూర్చున్నవారిని చూస్తే మీకే తెలుస్తుంది. కుడివైపు మగవారు నవ్వనక్కరలేదు, వారి లెక్క 31.

ఇంకొందరు, విశ్వాసం ఉంటే ఆపరేషన్ ఎందుకు అన్నారు. కళ్ళజోడు సర్దుకుంటూ అన్నారని విన్నాము. అంజూరపు ముద్ద సంగతి పైన చెప్పాము. మన గుంటూరు సీమకు సువార్త తెచ్చినవారి సంగతి కూడా గుర్తు చేసుకోండి. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ అయ్యగారు స్వదేశానికి తిరిగి వెళ్ళినప్పుడు, యాభై దాటిన వయస్సులో వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చారు. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. మన నాయనమ్మలు ఎందరో ఆ ఆసుపత్రిలోనే కాన్పులు పోసుకున్నారు. ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో కత్తెర పట్టుకుని వచ్చినవారి ద్వారా ప్రభువును తెలుసుకున్న మనం, కత్తెరను అవిశ్వాసం అనడం ఏమంత బాగుండదు.

భయపెట్టేవారు వేరే ఉన్నారు. "సినిమా యాక్టరు ఆర్తీ అగర్వాల్ ఇలాగే చనిపోలేదా?" అని ఆమెతో అన్నారట. ఆ అమ్మాయి 2015 జూన్‌లో, 31 ఏళ్ళ వయస్సులో, అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయింది. దానికి కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నది లైపోసక్షన్. అది చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగడం. సుగరుకు గానీ ఆకలికి గానీ అది వైద్యం కాదు. మనం మాట్లాడుకుంటున్నది వేరే ఆపరేషన్. 2011లో నితిన్ గడ్కరీ గారు, 2014లో అరుణ్ జైట్లీ గారు చేయించుకున్నారే, అది. గడ్కరీ గారికి సాఫీగా జరిగింది, జైట్లీ గారు తరువాత ఇన్ఫెక్షనుతో మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ప్రమాదం అసలు లేదని మేము చెప్పము. బాగా చేసే చోట వెయ్యిమందిలో సుమారు ఒకరు ప్రాణం కోల్పోతారు. కుట్టు దగ్గర కారడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, తరువాత పిత్తాశయంలో రాళ్ళు రావడం ఉన్నాయి. స్లీవ్ తరువాత కొందరికి గుండెలో మంట ఎక్కువవుతుంది. అయితే 112 కిలోలతో, ఇన్సులిన్‌తో, రాత్రుళ్ళు ఊపిరి ఆగుతూ మరో పదేళ్ళు ఉండడం కూడా ప్రమాదమే. దానికి ఎవరూ సంతకం పెట్టించుకోరు గనుక అది ప్రమాదంగా కనబడదు.

పనిచేయడం అంటే ఏమిటన్న దగ్గర మేము కొంచెం ఎక్కువ ఆగాము. ఆమె మనస్సులో ఒక ఫోటో ఉంది, పెళ్ళినాటిది. 54 కిలోలు. పనిచేసిందంటే ఆ ఫోటోలోకి తిరిగి వెళ్ళాలి, లేకపోతే తప్పిందన్నమాట. ఈ కొలతతో కొలిస్తే దాదాపు అందరికీ తప్పినట్టే.

స్వీడన్ దేశంలో 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని, చేయించుకోని అంతేమందిని ఇరవై ఏళ్ళపాటు కనిపెట్టి చూశారు. చేయించుకున్నవారు రెండేళ్ళకు సగటున నూటికి 23 వంతుల బరువు తగ్గారు. పదేళ్ళకు అది 17 అయింది. ఇరవై ఏళ్ళకు 18. చేయించుకోనివారు ఉన్నచోటే ఉన్నారు. సుగరు ఉన్నవారిలో రెండేళ్ళకు నూటికి 72 మందికి సుగరు పోయింది, పదేళ్ళకు ఆ సంఖ్య 36కు దిగింది. వారిలో చాలామందికి చేసినవి పాత పద్ధతులు. బైపాస్ చేయించుకున్నవారికి పదేళ్ళ తరువాత కూడా 25 వంతుల తగ్గుదల నిలిచింది. 2020లో వచ్చిన లెక్క ఇంకొకటుంది. ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోనివారికంటే సగటున మూడేళ్ళు ఎక్కువ బ్రతికారు.

మూడేళ్ళు. హిజ్కియాకు 15 ఇచ్చాడు దేవుడు. మూడేళ్ళంటే మనవరాలి మొదటి పుట్టినరోజు నుండి ఆ పాప బడికి వెళ్ళేదాకా. ఆ మూడేళ్ళ ముందున్న ఏళ్ళు కూడా మంచం మీద కాకుండా కాళ్ళ మీద గడిస్తే అది వేరే సంగతి.

ఈ లెక్కలు మేము కాగితం మీద రాసి చూపించాము. ఆమె చూసింది గానీ ముఖం తేటపడలేదు. కాగితానికి ఎవరైనా సరేనంటారు. అందుకే బాపట్లలో మాకు తెలిసిన ఒక టీచరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆమె ఏడేళ్ళ క్రితం బైపాస్ చేయించుకుంది. అప్పుడు 108 కిలోలు. ఏడాదిన్నరలో 68కి వచ్చింది. ఇప్పుడు 81.

బస్సు దిగి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నిజాంపట్నం నుండి వచ్చిన చేపలతో పులుసు పెట్టి ఉంచింది. మాకు కంచాలు పెట్టి, తాను టిఫిను ప్లేటు తెచ్చుకుంది. ముందు చేప ముక్క తిన్నది, నమిలి నమిలి. తరువాత రెండు చెంచాల అన్నం. మంచినీళ్ళ గ్లాసు దగ్గర లేదు. తిన్న అరగంట దాకా తాగకూడదట, తాగితే తిన్నది జారిపోయి మళ్ళీ ఆకలేస్తుందట. మన సహోదరి తినడం ఆపేసి ఆ ప్లేటునే చూస్తోంది.

"అక్కా, ఏమీ అనుకోవు కదా. 68 నుంచి 81 అయ్యావంటే నీకు ఫెయిలయినట్టేనా?"

మాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. టీచరమ్మ మాత్రం నవ్వింది. "మూడో ఏడు నేనూ అదే అనుకుని ఏడ్చాను. మొదటి ఏడంతా గుళ్ళో పొగడ్తలే. రెండో ఏడు జుట్టు ఊడింది, మొహం పీక్కుపోయింది. ఏమైనా జబ్బా అని అడగడం మొదలుపెట్టారు. తర్వాత కరోనా వచ్చింది, బడి లేదు. ఇంట్లో కూర్చుని మిక్స్చరు, ఐస్‌క్రీము, హార్లిక్స్. అన్నమైతే రెండు ముద్దలకు ఆగుతుంది గాని ఇవి ఎక్కడా ఆగవే. జారిపోతాయి. వాళ్ళు కడుపుకి ఆపరేషన్ చేశారు చెల్లీ, మా ఇంటికి చెయ్యలేదు."

"మరి నువ్వు మళ్ళీ చేయించుకోవాల్సి వస్తే చేయించుకుంటావా?"

"ఇన్సులిన్ రోజుకు మూడుసార్లు పొడుచుకునేదాన్ని. నాలుగేళ్ళు ఏ మందూ లేదు, ఇప్పుడు ఒక్క బిళ్ళ. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా లేవను. క్లాసు మేడ మీద పడితే కింద మార్చమని హెడ్‌మాస్టరు గారిని బ్రతిమాలేదాన్ని, ఇప్పుడు అడగటం లేదు. ఆ మేడ మెట్ల కోసమైనా చేయించుకుంటాను. కానీ ఆ రోజు ఎవరైనా నాకు 81 అని ముందే చెప్పి ఉంటే, 68 దగ్గర అంత గర్వపడేదాన్ని కాదు, 75 దగ్గర అంత ఏడ్చేదాన్నీ కాదు."

ఇది విన్నప్పుడు మాకు 2 రాజులు 20లోని రెండో సగం గుర్తుకు వచ్చింది. హిజ్కియా బాగయ్యాడు. బబులోను నుండి దూతలు పరామర్శకు వచ్చారు. రాజు తన ఖజానా అంతా, ఆయుధశాల అంతా తిప్పి చూపించాడు. కలిపిన ఆ 15 ఏళ్ళలోనే అది కూడా జరిగింది. స్వస్థత నిజమే, తరువాతి తప్పూ నిజమే. తరువాత తప్పిపోయాడు గనుక ఆ స్వస్థత అబద్ధమని వాక్యం ఎక్కడా చెప్పలేదు. అంజూరపు ముద్ద ఆ పుండుకు వేశారు, అతిశయానికి వేయలేదు. దాని కోసం యెషయా మళ్ళీ రావలసి వచ్చింది, వచ్చాడు కూడా.

తెనాలి సహోదరుని సంగతి చిన్నది. బట్టల షాపు నడుపుతారు. ఐదేళ్ళ క్రితం స్లీవ్ చేయించుకుని 37 కిలోలు తగ్గారు, పెద్దగా పెరగలేదు. ఆయనకు పనిచేసింది అనే అంటారు అందరూ. కానీ ఒంట్లో బాగానే ఉంది కదా అని విటమిను బిళ్ళలు రెండేళ్ళకే మానేశారు. అరికాళ్ళు తిమ్మిరెక్కి, నడుస్తుంటే తూలు వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. బి12 అడుగంటిపోయింది. ఇంజెక్షన్లతో చాలావరకు నిలదొక్కుకున్నారు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు బి12, ఐరన్, కాల్షియం, డి విటమిను జీవితాంతం వేసుకోవాలి, ఏడాదికొకసారైనా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇది నచ్చితే చేసేది కాదు. ఇస్రాయేలీయుల మన్నాలాంటిది, ఏ రోజుది ఆ రోజే. నిన్న వేసుకున్న బిళ్ళ ఈ రోజుకు పనికిరాదు.

కొందరు, మరి ఇంజెక్షన్లు వచ్చాయంట కదా అని అడిగారు. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. ఆకలి తగ్గిస్తాయి, బరువూ బాగానే తగ్గిస్తాయి. అయితే మానేస్తే ఎక్కువమందికి బరువు తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చు. ఎవరికి ఏది సరిపోతుందో వారి డాక్టరు చెప్పాలి, మేము కాదు. ఆరోగ్య బీమా ఉన్నవారు మాత్రం కాగితాలు తీసి చదవండి. సాధారణంగా బి.ఎం.ఐ. 40 దాటితే, లేదా 35 దాటి అదుపులో లేని సుగరు, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బులాంటివి ఉంటే పాలసీ వర్తిస్తుంది. వేచి ఉండే కాలం ఎంతో చూసుకోండి. మన సహోదరికి పొలం మీద అప్పు తప్పకపోవచ్చు గానీ, వాళ్ళ అబ్బాయి కంపెనీ పాలసీలో అమ్మ పేరు ఉందని మూడు వారాల తరువాత తెలిసింది. అడగబట్టి తెలిసింది.

బాపట్ల నుండి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చెరుకుపల్లి దగ్గర అంది, "అయ్యగారూ, నమ్మకం వచ్చిందని చెప్పలేను. భయం మాత్రం వేరే రకంగా ఉంది ఇప్పుడు." ఇంతకుముందు పనిచెయ్యదేమోనని భయం. ఇప్పుడు జీవితాంతం ఇలా బ్రతకగలనా అని భయం. మార్కు 9లో మూర్ఛరోగి తండ్రి నమ్మకాన్ని, అపనమ్మకాన్ని ఒకే నోటితో ప్రభువు దగ్గర ఒప్పుకున్నాడు. ముందు నీ అనుమానం తీర్చుకుని రా, తరువాత బిడ్డను బాగుచేస్తాను అని ప్రభువు అనలేదు. ఆమెతో అదే చెప్పాము. అనుమానం మొత్తం పోయాకే ఆపరేషన్‌కు ఒప్పుకోవాలని లేదు. అలాగే, ఇంతమంది చెప్పారు గనుక ఒప్పుకు తీరాలని కూడా లేదు. వద్దనుకుంటే మందులతో, తిండితో, నడకతో ఆమెకు తోడుంటాము. ఆ రాత్రి మేమిద్దరం ప్రార్థన చేసినప్పుడు కూడా ప్రభువా ఒప్పించు అని అడగలేదు.

పదిహేను రోజుల తరువాత ఆమే ఫోను చేసి తేదీ తీసుకున్నానని చెప్పింది. "54 కాదు అయ్యగారూ, చాప మీద కూర్చుంటే చాలు" అంది.

ఇక సంఘానికి చెప్పవలసినవి. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుండి కాలేయం కుదించుకోవడానికి పలచటి ఆహారమే ఇస్తారు. తరువాత రెండు వారాలు నీళ్ళలాంటివి, ఆపైన మెత్తటివి. నెల దాటాకగాని మామూలు తిండి ఉండదు. ఆ రోజుల్లో పలకరించడానికి వెళ్ళేవారు తెనాలి జిలేబి, కూల్‌డ్రింకులు పట్టుకెళ్ళకండి. బైపాస్ చేసినవారు తీపి తింటే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం వస్తాయి. "ఇంతేనా తిన్నావు, ఇంకొంచెం" అనే మాట మన నోటికి అలవాటు. ఆ మాట ఆ ఇంట్లో వద్దు. "అబ్బ, ఎంత తగ్గావో" అనేది కూడా తగ్గించండి. పొగడ్త ఆగిన రోజున ఆ మనిషి ఒంటరి అవుతుంది, ఆపరేషన్ తరువాత కొందరికి మనస్సు క్రుంగిపోవడం ఉంది గనుక కనిపెట్టి ఉండాలి.

శ్రమల దినాల్లో ఉపవాసం సంగతి ఆమె ముందే అడిగింది. డాక్టరు గారు సరేననేదాకా ఆమెకు ఉపవాసం లేదు, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం అసలే లేదు. ఇది కాపరిగా మేము చెబుతున్న మాట, ఎవరూ ఆమెను అడగవద్దు. సుగరు మందులు వాడే మిగతావారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ప్రేమవిందు విషయంలో స్త్రీల సమాజం వారు ఒక నిర్ణయం చేశారు. బిర్యానీ ఉంటుంది, ఎవరూ కంగారుపడకండి. దానితోపాటు ఇకమీదట ఉడికించిన గుడ్లు, పెసలు, మజ్జిగ, ఒక కూర ఉంటాయి. చిన్న ప్లేట్లు కూడా పెడతారు, అందరికీ, ఏ ఒక్కరికో కాదు. వడ్డించేవారు అడగకుండా రెండోసారి వేయరు. ఇది పెట్టాక మొదటివారం చిన్న ప్లేటు తీసుకున్నవారిలో నలుగురు మగవారు కూడా ఉన్నారు.

ప్రార్థన మనవులు: వచ్చే నెల మొదటి వారంలో ఆమె విజయవాడలో చేరుతుంది. శస్త్రచికిత్స చేసే డాక్టరు గారి కోసం, మత్తుమందు ఇచ్చే డాక్టరు గారి కోసం, మూడు వారాలు ఇల్లు చూసుకోవలసిన వాళ్ళ అమ్మాయి కోసం ప్రార్థించండి. రేపల్లె నుండి తెనాలి వరకు పొద్దుటి రైలులో తోడు వెళ్ళడానికి ఇద్దరు కావాలి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి పరీక్షలున్నాయి. వాటికి కూడా ఇప్పుడే పేర్లు ఇవ్వండి.